ఒక్క పడుగు మీద దిగిన వాళ్ళం

మనవరాలి ఓణీల పండుగకు చీర కొనడానికి నా కూతురితో కలిసి వనపర్తిలో ఒక బట్టల దుకాణానికి పోయాను. దుకాణంలోని అమ్మాయి గద్వాల చీరలు విప్పి మా ముందు పరిచింది. నా కూతురు రంగులు చూస్తోంది. నా చెయ్యి మాత్రం చీర ఒంటికి పట్టు అంచు కలిసే చోటికి పోయింది. బొటనవేలు, చూపుడువేలు మధ్య ఆ అతుకును పెట్టి మెల్లగా రుద్దుతున్నాను.

"ఏం జూస్తున్నవమ్మా?" అని అడిగింది నా కూతురు.

ఏం చూస్తున్నానో నాకే తెలియదు. మాది ఖిల్లా ఘణపూర్ దగ్గరి పల్లె. వేరుశనగ, కంది వేసుకునే ఇల్లు. నేత సంగతి నాకేం తెలుసు? ఆ రుద్దడం నాది కాదు. గద్వాల చెల్లెది.

ఆమె పోయి ఇంకా ఏడాది నిండలేదు. కబురు వచ్చిన రోజు నేను చేనులో కలుపు తీస్తున్నాను. ఫోను మాట్లాడి, కొంగుకు కట్టుకొని, చేతిలో ఉన్న సాలు చివరిదాకా తీశాను. తర్వాత ఇంటికి వచ్చి అన్నం తిన్నాను. ఏమీ అనిపించలేదు. ఇప్పటికీ పెద్దగా ఏమీ అనిపించదు. ఇట్లా ఎప్పుడో ఒకసారి చెయ్యి తనంతట తానే ఒక పని చేస్తుంది, అంతే.

ఆమె పేరు రాయను. ఆ రోగం పేరు తమ ఇంటి పేరు పక్కన ఉండటం వాళ్ళ పిల్లలకు ఇష్టం లేదు.

మేమిద్దరం కలిసింది దవాఖానలో. గర్భసంచి ముఖం దగ్గర వచ్చే క్యాన్సర్ మా ఇద్దరికీ తొలిదశలోనే దొరికింది. మా ఊరి ఆశా కార్యకర్త వెంటపడి పరీక్షకు తీసుకుపోతే నాకు తెలిసింది. ముట్లు ఆగిపోయాక మళ్ళీ ఎరుపు కనబడితే ఆమెకు తెలిసింది. ఒకప్పుడైతే ఇద్దరం హైదరాబాద్ పోవాల్సి ఉండేది. ఇప్పుడు మా వైపు దవాఖానల్లో కూడా ఆ ఆపరేషన్ చేస్తున్నారు. మాకు చేసిన డాక్టరమ్మ హైదరాబాద్ నుంచి వచ్చి పోతుండేది. "మామూలుగా సంచి తీసేయడం కాదమ్మా ఇది. చుట్టూ ఉన్న కండ, పక్కన గింజల్లా ఉండే గ్రంథులు కూడా తీస్తాం" అని గాలిలో వేలితో గీసి చూపించేది. చిన్నగా ఉన్నప్పుడే దొరికింది కాబట్టి కోతతోనే పోవచ్చు, ఆ తర్వాత కరెంటు పెట్టాల్సిన పని రాకపోవచ్చు అని చెప్పింది. రోగం ఉన్న చోట మిషను కిరణాలతో కాల్చడాన్ని మా దగ్గర అందరూ కరెంటు పెట్టడం అంటారు.

నేను వార్డులోకి పోయేసరికి ఆమె నా మంచం దగ్గర నిలబడి నా దుప్పటిని వేళ్ళతో రుద్దుతోంది. బక్కపలచని మనిషి. నాకంటే నాలుగైదేళ్ళు చిన్నది. నన్ను చూసి సిగ్గుపడలేదు.

"నా మంచం మీదిది మిల్లుది. నాలుగు ఉతుకులకే పోగులు లేస్తయి. నీది జర నయం. మార్చుకుందామా అక్కా?" అంది.

నేను ఆఁ అనలేదు, ఊఁ అనలేదు. దుప్పట్లు మారిపోయాయి.

ఏ గుడ్డ దగ్గరికి వచ్చినా ఆమె చెయ్యి ఊరుకునేది కాదు. సిస్టరమ్మ సూది వేయడానికి వంగితే ఆమె కోటు కొస పట్టుకునేది. పక్క మంచం ముసలమ్మ చీర, గుమ్మానికి కట్టిన కర్టెన్, నా కొడుకు అంగీ, ఏదీ వదిలేది కాదు. వదలకపోవడమే కాదు, తీర్పు కూడా చెప్పేది. ఒకసారి డాక్టరమ్మ తెల్లకోటు కింద నీలం చీర కట్టుకొని వచ్చింది. ఆమె మంచం మీది నుంచే కొంగు అందుకొని రుద్దింది.

"డాక్టరమ్మా, గద్వాల్ అని చెప్పి మోసం జేసిండ్రు నిన్ను. ఇది మాది కాదు."

డాక్టరమ్మ నవ్వింది. "మా అమ్మ గద్వాలకే వెళ్ళి కొన్నదమ్మా. మగ్గం మీది నుంచి దిగుతుంటే చూసి మరీ తెచ్చింది."

"అయితె గద్వాల్లనే మోసపోయింది" అంది ఆమె. ఆ తర్వాత డాక్టరమ్మ ఆ నేత ఇంటి గుర్తులన్నీ చెప్పింది. అది ఈమెకు తెలిసిన ఇల్లే. గద్వాలలో స్థిరపడ్డ తన చిన్నాయన ఇల్లే. అయినా మాట మార్చుకోలేదు. "మా చిన్నాయన పని గట్లనే ఉంటది, నమ్మేటట్టు ఉండదు" అంది. వార్డంతా నవ్వింది. తప్పు చెప్పినా అంత నమ్మకంగా చెప్పేది, ఎదుటివాళ్ళకే అనుమానం వచ్చేది.

ఆమె పుట్టిల్లు రాయచూరు దిక్కు, మాటలో కన్నడం కలిసేది. సూది చూస్తే "బేడ బేడ" అనేది, వద్దు వద్దు అని. అన్నం ఎక్కువ పెడితే "సాకు" అనేది, చాలు అని. రోగం పేరు ఎన్నడూ ఎత్తలేదు. లోపల ముడి పడింది అనేది. నిద్రలో పాదాలు కదిలేవి. ఒకటి కిందికి, ఒకటి మీదికి, మగ్గం తొక్కినట్టు. ఆమె పెనిమిటి మంచం కింద చాప పరుచుకొని పడుకునేవాడు. మాట తక్కువ మనిషి. వాళ్ళ నేతలో ఒంటికీ అంచుకూ అడ్డపోగు తీసే నాడెలు వేరువేరుగా నడుస్తాయట. గుంట మగ్గం మీద ఇద్దరు పక్కపక్కన కూర్చుంటేనే పని సాగుతుంది. వాళ్ళింట్లో ఆ ఇద్దరు వీళ్ళే. ఆమె ఇక్కడ పడుకున్నన్నాళ్ళు అక్కడ మగ్గం ఖాళీ.

మా ఇద్దరికీ ఒకే రోజు ఆపరేషన్ పెట్టారు. పొద్దున బండి తెచ్చి ముందు ఆమెను ఎక్కమన్నారు.

"అక్కను ముందు తీస్కపోండ్రి. కత్తి ఎట్లున్నదో సూసి వచ్చి నాకు చెప్తది" అంది.

"సూసి చెప్పనీకె ఆమెకు మెలకువ యాడుంటది? మత్తిస్తరు గద" అంది సిస్టరమ్మ.

"గట్లనా? అయితె చెప్పకున్నా మంచిదే. ఎట్ల తిరిగొస్తదో సూస్త."

అట్లా నేను ముందు పోయాను. మధ్యాహ్నం తర్వాత ఆమెను తీసుకుపోయారట. నాకు తెలివి వచ్చేసరికి పక్క మంచం మీద ఆమె ఉంది. మొహం పాలిపోయి ఉంది. పాదాలు కదలడం లేదు.

మర్నాడు సిస్టరమ్మ మూత బిగించిన రెండు తెల్ల డబ్బాలు తెచ్చింది. మా లోపలి నుంచి తీసినవి వాటిలో ఉన్నాయి. ఆ పరీక్ష చేసే ఏర్పాటు ఆ దవాఖానలో అప్పటికి లేదు. మహబూబ్‌నగర్ లాబుకు పంపాలి. ఒకటి నా కొడుకు చేతికి, ఒకటి ఆమె పెనిమిటి చేతికి ఇచ్చింది.

"లోపట మందునీళ్ళున్నయి. తెరవొద్దు, ఒంపొద్దు. లాబుల ఇచ్చి చీటి తెచ్చుకోండ్రి" అని ఇద్దరికీ చెప్పింది.

నా కొడుకు దాన్ని కవర్లో వేసుకొని బస్సులో కాళ్ళ మధ్య పెట్టుకొని పోయాడు. భూత్పూర్ దగ్గర బస్సు ఆగితే దిగి మిర్చి బజ్జీలు తిన్నాడట. డబ్బాను సీటు మీదే పెట్టి దిగితే ఎవరో అది పక్కకు జరిపి కూర్చున్నారట. వచ్చి చెప్పి నవ్వాడు. నాకు నవ్వు రాలేదు, కోపమూ రాలేదు. నేను కన్న కొడుకు నన్ను కవర్లో వేసుకొని పోయి ఇచ్చి వచ్చాడు, మంచిది అనుకున్నాను.

ఆమె తన పెనిమిటిని మంచం దగ్గరికి పిలిచి చెవిలో ఏదో చెప్పింది. ఆయన డబ్బా వంక చూశాడు, ఆమె వంక చూశాడు, తల ఊపాడు. కండువాలో చుట్టి చంకలో పెట్టుకొని పోయాడు. ఆయనా మహబూబ్‌నగర్ బస్సే ఎక్కాడనుకున్నాను.

ఆ ఆపరేషన్ తర్వాత కొన్నాళ్ళు మూత్రం తనంతట తాను రాదు. గొట్టం వేసి ఒక సంచి తగిలిస్తారు. ఇద్దరం ఆ సంచులు చేత పట్టుకొని పొద్దునా సాయంత్రం వరండాలో నడిచేవాళ్ళం.

"సూసినవా అక్కా, ఆ సంచి తీస్కొని ఈ సంచి ఇచ్చిండ్రు. బేరం మంచిగనే ఉన్నది" అనేది. నడుస్తూ నడుస్తూ నా సంచి వంక చూసి, "నీకెక్కువొచ్చింది, నా వంతు నీళ్ళు గూడ తాగినవా ఏంది?" అని ఎగతాళి చేసేది. కుట్లు లాగుతాయని పొట్ట పట్టుకొని నవ్వేవాళ్ళం. వచ్చిపోయేవాళ్ళు ఏం జబ్బు అని అడిగితే నేను తల దించుకునేదాన్ని. ఆమె "గడ్డ తీసిండ్రు" అని ఠకీమని చెప్పేది. ఒకాయన ఎక్కడ గడ్డ అని ఇంకా అడిగితే, "నీ ఇంట్ల ఆడోళ్ళనడుగు, చెప్తరు" అంది.

ఇద్దరినీ ఇంటికి పంపించారు. నేను నాగర్‌కర్నూల్‌లో నా కూతురింట్లో ఉన్నాను. కుట్లు మానాక మళ్ళీ చూపించుకోవడానికి రమ్మన్న రోజున ఇద్దరం ఒకేసారి డాక్టరమ్మ గదిలోకి పోయాం. నా వెంట నా కొడుకు, ఆమె వెంట పెనిమిటి. డాక్టరమ్మ నా కాగితాలు చదివి, "అంచులన్నీ శుభ్రంగా ఉన్నాయి. గ్రంథుల్లోనూ ఏమీ లేదు. నీకు కరెంటు అక్కర్లేదు. వచ్చి చూపించుకుంటూ ఉండు, చాలు" అంది. నా కొడుకు ఊపిరి వదిలాడు. తర్వాత డాక్టరమ్మ గద్వాల చెల్లె వైపు తిరిగింది.

"నీ రిపోర్టు రాలేదేమ్మా? లాబులో ఇచ్చిన చీటీ ఉందా?"

ఆమె పెనిమిటి నేల చూపులు చూస్తున్నాడు. ఆమె మాత్రం తల ఎత్తే ఉంది.

"లాబుల ఇయ్యలే డాక్టరమ్మా. పాతిపెట్టినం."

"ఏం పాతిపెట్టారు?"

"అదే, నా కడుపుల నుంచి తీసింది. పిల్లలు పుట్టినప్పుడు మాయను ఇంటెనక పాతిపెడ్తం గద. నా పిల్లల మాయలన్నీ ఆడనే ఉన్నయి. వట్టి మాయనే గంత పద్ధతిగ మన్నుల పెట్టినం. పిల్లలను మోసినదాన్ని లాబుల ఇచ్చి రావాల్నా? వాళ్ళు కోసి సూసినంక ఏ మోరిల పారేస్తరో ఎవలకెర్క?"

డాక్టరమ్మ చేతిలో ఉన్న కలం పక్కన పెట్టింది. తర్వాత ఉన్నట్టుండి కుర్చీలో ముందుకు జరిగింది.

"డబ్బాతోనే పాతారా? మూత తీయకుండా?" ఆమె గొంతులో ఏదో ఆశ వినిపించింది. ఎందుకో నాకప్పుడు అర్థం కాలేదు. ఆ మందునీళ్ళలో ఉన్నంతవరకు ముక్క చెడిపోదని, తవ్వి తెస్తే అప్పటికీ చూడవచ్చని తర్వాత తెలిసింది.

"ఛీ, డబ్బాతోని ఎట్ల పెడ్తరు డాక్టరమ్మా! ప్లాస్టిక్‌ను భూమి తీస్కుంటదా? గా మందునీళ్ళు కండ్లకు మంట. అవి ఒంపేసి, పసుపునీళ్ళతోని కడిగి, పట్టు పీలికల సుట్టి, కొత్త కుండల పెట్టినం. అన్నీ ఈయననే చేసిండు. ఏ పద్ధతి తప్పలే."

డాక్టరమ్మ మెచ్చుకుంటుందనే అనుకొని చెప్పింది. డాక్టరమ్మ వెనక్కి ఆనుకుంది. కోప్పడలేదు. కోప్పడితే బాగుండేదని నాకనిపించింది. మెల్లగా చెప్పింది. తీసిన ముక్క అంచులు చూస్తేనే లోపల ఇంకా మిగిలిందో లేదో తెలుస్తుంది. మిగలకపోతే ఇంకేమీ చేయక్కర్లేదు. మిగిలితే కరెంటు పెట్టాలి. ఇప్పుడు తెలుసుకునే దారి లేదు. కాబట్టి హైదరాబాద్ పోయి కరెంటు పెట్టించుకోవడమే మేలు.

"అండ్ల ఏం లేకుంటె?" అని అడిగింది ఆమె.

"లేకుంటే ఉత్తగా కాల్చినట్టవుతుంది. పేగులకు, మూత్రానికి కొంత బాధ ఉంటుంది. ఉంటే మాత్రం నీ ప్రాణం కాపాడినట్టు." ఏదీ దాచకుండా చెప్పింది. "అది పెట్టించుకోకపోయినా సరే, చూపించుకోవడానికి మాత్రం తప్పకుండా రా" అని రెండు మూడుసార్లు చెప్పింది.

బయటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాం. ఆమె నా రిపోర్టు అడిగి తీసుకుంది. అప్పటికి ఇద్దరికీ చదువు రాదు. ఆమె ఆ కాగితాన్ని కూడా వేళ్ళ మధ్య పెట్టి రుద్దింది.

"నీది మంచిగుంది గద, ఇంక నాది సూసేదేముందక్కా?" అంది.

నాకు అర్థం కాలేదు. అప్పుడు వాళ్ళ పని సంగతి చెప్పింది. మగ్గం మీద ఒక పడుగు, అంటే నిలువు పోగులు, ఎక్కిస్తే వరుసగా మూడు నాలుగు చీరలు దిగుతాయి. పడుగులో ఒక పోగు తప్పు పడితే ఆ గీత అన్ని చీరల్లోనూ కొస దాకా ఉంటుంది. పడుగు మంచిదైతే అన్నీ మంచివే. అందుకే సావుకారు మొదటి చీర ఒక్కటే విప్పి చూస్తాడట. మిగతావి మడత విప్పకుండానే తీసుకుపోతాడట.

"ఒక్కనాడు, ఒక్క డాక్టరమ్మ, ఒక్క కత్తి. ఒక్క పడుగు మీద దిగినోళ్ళం. నువ్వు ముందు దిగినవ్, నేను ఎనక దిగిన. నీది విప్పి సూసిండ్రు, మంచిగున్నది. ఇంక నాది ఉత్తగ కాలబెట్టుకోవాల్నా?"

"మనం చీరలమా చెల్లె?" అన్నాను.

"చీరలకంటె ఎక్కువనా?" అని నవ్వింది.

ఆమె పెనిమిటి అప్పుడు నోరు తెరిచాడు. "ఇప్పుడెక్కిచ్చిన పడుగు దిగినంక పోదాం హైద్రాబాద్. పోతం వదినె, నువ్వు పరేషాన్ కాకు" అని నాతో అన్నాడు. నిజంగానే పోదామనుకున్నాడు. కానీ పాత పడుగు కొసలకే కొత్త పడుగు పోగులు అతుకుతారని, మగ్గం ఖాళీ అవడమనేది ఉండదని నాకు తర్వాతెప్పుడో తెలిసింది.

నన్ను బరువులు ఎత్తొద్దన్నారు. చేనుకు పోయే పని లేదు. ఊరికే కూర్చోలేక మనవరాలి పలక మీద అక్షరాలు దిద్దడం మొదలుపెట్టాను. ఫోన్‌లో ఆమెకు చెప్పాను.

"ఇప్పుడా? నేర్సుకొని కలెక్టరవుతవా? అయితె ఫస్టు మా వాడకట్టుకు నల్లా ఏపియ్యి" అంది.

ఆమె నాకు మామూలు రోజుల్లో ఫోన్ చేసేది కాదు. నేను దవాఖానకు పోయే రోజు మాత్రం ఎప్పుడూ మరిచిపోలేదు. మధ్యాహ్నం అయ్యేసరికి ఫోను మోగేది. వెనక మగ్గం చప్పుడు ఆగేది.

"ఏమన్నరక్కా?"

"మంచిగున్నదన్నరు."

"సాకు" అనేది. మళ్ళీ మగ్గం చప్పుడు మొదలయ్యేది. ఆ రోజు సాయంత్రం జిలేబీ తెప్పించి వాళ్ళ వాడకట్టులో పంచేదట. ఎందుకని అడిగితే అసలు సంగతి చెప్పలేదు కదా, అందుకని ప్రతిసారీ ఒక అబద్ధం. "మా గల్లీల నీకు ఇద్దరు మనవళ్ళు పుట్టిండ్రు అక్కా. నీ కొడుక్కు సర్కారు నౌకరి గూడ వచ్చింది. ఇంక ఏం అబద్ధం చెప్పాల్నో సమజైతలేదు, జర నువ్వే సోచాయించు" అనేది.

"నువ్వొచ్చి నీది సూపిచ్చుకో" అనేదాన్ని నేను.

"నీది సూసిండ్రు గద."

ఎంత చెప్పినా అదే మాట. కోపంతో అనేది కాదు. అరిగిన దుప్పటిని నేను పట్టు అన్నట్టు, చిన్నపిల్లకు సర్దిచెప్పినట్టు అనేది.

ఒకసారి మాట మధ్యలో నడుము గుంజుతోందని అంది. ఒక కాలు వాస్తోందట, వేలికి మెట్టె ఎక్కడం లేదట. గుంట మగ్గంలో కాళ్ళు వేలాడేసి కూర్చుంటే వాయదా అని తనే సర్దుకుంది. డాక్టరమ్మ అడిగే మాటల్లో ఆ మాట కూడా ఉంటుంది, కాలు వాస్తోందా అని. వెంటనే రమ్మన్నాను. "నీ తారీఖు ఎప్పుడక్కా?" అని అడిగింది.

నా తారీఖు వచ్చింది. పోయాను. డాక్టరమ్మ చూసి అంతా బాగుందని చెప్పింది. బయటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. ఫోను మోగింది.

"ఏమన్నరక్కా?"

"ఈసారి మంచిగలేదంట చెల్లె" అన్నాను.

మగ్గం చప్పుడు లేదు.

"ఆడనే కూసో. యాడికీ పోకు" అంది.

పొద్దు వాలుతుండగా భార్యాభర్తలిద్దరూ బస్సు దిగి వచ్చారు. ఆమె కుంటుతోంది. చేతిలో జొన్నరొట్టెల మూట, పల్లీల కారం. నా పక్కన కూర్చొని నా కొంగు పట్టుకొని రుద్దుతూ, "ఏం కాదక్కా, నేనున్న" అంది. అప్పుడు చెప్పాను.

"నాది మంచిగనే ఉన్నది. నిన్ను రప్పియ్యనీకె గట్ల చెప్పిన."

భుజం మీద ఒక్కటి వేసింది. "నీ నోట్ల మన్ను వడ! బస్సుల కూసున్నంత సేపు నా పానం నా దగ్గర లేదు. ఈయన కండువంత తడిపిన. గింత అబద్ధమా!" అని తిట్టింది. ఆమె పెనిమిటి నా వంక చూసి ఒక్కసారి చేతులు జోడించాడు, ఆమెకు కనపడకుండా. ఆమె తిట్టి తిట్టి అలసిపోయి నవ్వింది. "సరె, వచ్చినందుకు సూపిచ్చుకుంట. నీ కండ్లు సల్లగ కానీ" అని లేచింది.

డాక్టరమ్మ అప్పుడే చూసింది. ఆ రాత్రికి ఇద్దరినీ వార్డులోనే ఉంచి, మర్నాడు స్కాన్ తీయించింది. నేనూ ఆగిపోయాను. రోగం మళ్ళీ వచ్చింది. తుంటి దగ్గరి పక్క ఎముకను పట్టుకొని ఉంది. ఇప్పుడు కోసి తీయడానికి లేదు. కరెంటు, మందులు, వాటితో ఎంత అయితే అంత. ఆ ముక్క చూసి ఉంటే ఇట్లా కాకపోవునా అని ఆమె పెనిమిటి అడిగాడు. డాక్టరమ్మ, "చూసి ఉంటే ఏం చేయాలో తెలిసేది. అంతకంటే నేను చెప్పలేను" అంది.

మళ్ళీ అదే బెంచీ. ఆమె స్కాన్ కవరును వేళ్ళ మధ్య పెట్టి రుద్దింది. తర్వాత నా వైపు తిరిగింది.

"నీది మంచిగనే ఉన్నదంటివి?"

"ఉన్నది."

"నిజంగనా? మళ్ళ అబద్ధమా?"

"నిజం చెల్లె."

"గట్లెట్లయితదక్కా?" అంది.

ఏడుపు లేదు ఆ గొంతులో. మడత విప్పకుండా పంపిన చీర తప్పు ఉందని తిరిగి వస్తే అడిగినట్టు అడిగింది. రొట్టెల మూట ఎవరమూ విప్పలేదు. ఆమె పెనిమిటి దాన్ని మళ్ళీ సంచిలో పెట్టుకున్నాడు.

హైదరాబాద్ పోయారు. కరెంటు పెట్టించుకుంది. కొన్నాళ్ళు కాలి వాపు తగ్గింది, మళ్ళీ వచ్చింది. నేను ఒకసారి గద్వాల పోయాను. మగ్గం మీద సగం నేసిన చీర ఉంది, దాని మీద పాత దుప్పటి కప్పారు. ఆమె నన్ను పట్టుకొని నడుస్తూ ఇంటి వెనక్కి తీసుకుపోయింది. గోడ పక్కన ఒక చదునైన బండ ఉంది.

"గాడనే" అంది. "డాక్టరమ్మ అడిగిన నాడే ఈయన తవ్వుదామన్నడు. నేనే బేడ అన్న."

"ఇప్పుడేమనిపిస్తది?" అని అడిగాను. అడగాల్సింది కాదేమో. కానీ ఆమెతో మాట్లాడటం అట్లాగే అలవాటు.

"ఏమనిపిస్తది? ఒకపారి తప్పనిపిస్తది. ఒకపారి అది ఇంటికే వచ్చింది గద అనిపిస్తది." బండ మీద పడ్డ ఆకులు కాలితో పక్కకు జరిపింది. "నీ తారీఖు ఎప్పుడక్కా?"

వచ్చే నెల అని చెప్పాను.

"పోయిరా. నాకు చెప్పకుంట ఉండకు."

ఆ నెల నేను ఒక్కదాన్నే పోయాను. నా పేరు పిలిచారు. డాక్టరమ్మ చూసింది, కాగితం మీద రాసింది. ఈసారి నేనే చదువుకున్నాను. బయటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. మధ్యాహ్నం దాటింది. ఫోను మోగలేదు. నేనే చేశాను. ఆమె పెనిమిటి ఎత్తాడు. మాట సరిగ్గా రావడం లేదని, నీళ్ళు చెంచాతో పోస్తున్నామని చెప్పాడు. "నీ ఫోను కోసమే సూస్తున్నది వదినె" అని ఆమె చెవి దగ్గర పెట్టాడు.

"చెల్లె, మంచిగున్నదన్నరు" అన్నాను.

చాలాసేపు ఊపిరి ఒక్కటే వినిపించింది. ఫోను కట్ అయిందేమో అనుకున్నాను.

"ఇద్దరిదా?" అంది.

"ఆఁ. ఇద్దరిది" అన్నాను.

అటువైపు ఆయన ఫోను తీసుకున్నాడు. నా వెనక సిస్టరమ్మ తర్వాతి పేరు పిలుస్తోంది.